"మనకి ఎంతమంది కస్టమర్లు?"

(మార్కెటింగ్, బిజినెస్ కంప్యూటర్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ కలిపి చదవడానికి చేరిన డిగ్రీ విద్యార్థులతో కొత్త సెమిస్టర్ మొదటి వారంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు పోకుండా అక్కడక్కడా మాత్రమే సరిచేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినపడుతోందా? సరే.

నా మొదటి ఉద్యోగంలో మూడో వారం అది. మీటింగులో మా పెద్దాయన ఒక చిన్న ప్రశ్న వేశారు. "మనకి మొత్తం ఎంతమంది కస్టమర్లు?" మార్కెటింగ్ వాళ్లు 84 వేలన్నారు. సేల్స్ ఆయన 31 వేలన్నారు. అకౌంట్స్ నుంచి వచ్చినావిడ కళ్లజోడు పెట్టుకుని, కాగితం చూసి, 22 వేలన్నారు. గదిలో ఒక్కసారిగా అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టారు.

నిజానికి ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఈమెయిల్ ఇచ్చిన ప్రతివాళ్లూ మార్కెటింగ్ లెక్కలో కస్టమరే. సేల్స్ లెక్కలో ఒక్కసారైనా కొన్నవాళ్లు కస్టమర్లు. గత పన్నెండు నెలల్లో బిల్లు పడ్డవాళ్లే అకౌంట్స్‌కి కస్టమర్లు. మాట ఒకటే, అర్థాలు మూడు. నేను మార్కెటింగూ కంప్యూటర్ సిస్టమ్సూ రెండూ చదివొచ్చానని పెద్దాయనకి తెలుసు. నా వైపు తిరిగి "అయితే నువ్వే తేల్చు" అన్నారు. ఏం తేల్చానో చివర్లో చెబుతాను. ముందు మీ చదువు సంగతి.

నేను ఈ రెండు సబ్జెక్టులూ కలిపి తీసుకుంటానన్నప్పుడు రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని చాలామంది చెప్పారు. పెట్టాను. తడిశాను కూడా. (నవ్వులు) మొదటి ఏడాది ఎంత గందరగోళంగా ఉంటుందంటే, పొద్దున క్లాసులో మనిషి ఎందుకు కొంటాడు, ఎవర్ని చూసి కొంటాడు, కొన్నాక ఎందుకు పశ్చాత్తాపపడతాడు అని చెబుతారు. మధ్యాహ్నం క్లాసులో ఆ మనిషే 'కస్టమర్ ఐడీ' అనే ఎనిమిదంకెల సంఖ్య అయిపోతాడు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో ఏ మేష్టారూ చెప్పరు. వాళ్ల తప్పు కాదులెండి, ఎవరి సిలబస్ వాళ్లకుంది. ఆ సంబంధం గురించే ఇవాళ మాట్లాడదామని వచ్చాను.

ముందు ఒక చిన్న సందేహం తీర్చేస్తాను. కంప్యూటర్ సైన్స్‌కీ దీనికీ తేడా ఏమిటని మీ ఇంట్లో అడిగే ఉంటారు. డేటాబేస్‌ని లోపల ఎలా నిర్మించాలన్నది వాళ్ల ప్రశ్న. ఆ డేటాబేస్‌లో ఏం దాచాలి, ఎవరి ఏ ప్రశ్నకి అది జవాబివ్వాలన్నది మన ప్రశ్న. రెండో ప్రశ్న తేలికని అనుకోకండి.

వ్యాపారంలోకి కంప్యూటర్ ఎలా వచ్చిందో కొంచెం చెప్పుకుంటే ఈ కస్టమర్ గొడవ ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. 1951లో బ్రిటన్‌లో జె. లయన్స్ అని టీ షాపులూ బేకరీలూ నడిపే ఒక కంపెనీ ఉండేది. కొనుక్కుందామంటే బజార్లో వాళ్లకి పనికొచ్చే కంప్యూటర్ లేదు. అందుకని సొంతంగా ఒకటి తయారు చేసుకున్నారు. దాని పేరు లియో. రోజూ చేసే ఆఫీసు పనికి కంప్యూటర్‌ని వాడటం అక్కడే మొదలైందంటారు. బేకరీ సరుకు విలువ కట్టడం దానికిచ్చిన మొదటి పని. తర్వాత జీతాల లెక్కలు చేసింది. అంటే సరుకు తెలుసు, ఉద్యోగి తెలుసు. కొనేవాడి ఊసే లేదు.

1960లో జెరోమ్ మెకార్తీ అనే ప్రొఫెసర్ మార్కెటింగ్‌ని నాలుగు 'పీ'లుగా విడగొట్టాడు. ప్రొడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. ఈ వారంలోనే మీ చేత బట్టీ పట్టిస్తారు. 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్ ఒక పేపర్ రాశాడు. సమాచారాన్నంతా టేబుళ్లలో పెడదాం, మనకేం కావాలో అడుగుదాం, అది ఎక్కడుందో వెతుక్కునే తిప్పలు యంత్రమే పడుతుంది అని దాని సారాంశం. అంతకుముందు ఒక వివరం కావాలంటే అది లోపల ఏ దారిలో ఉందో తెలిసిన ప్రోగ్రామర్ కాళ్లావేళ్లా పడాల్సిందే. రేపు మీరు నేర్చుకోబోయే ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష, ఆ పేపర్ నుంచి పుట్టిందే.

తర్వాత 1974 జూన్ 26. అమెరికాలో ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ అనే ఊరు. అక్కడి సూపర్ మార్కెట్ కౌంటర్ దగ్గర ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద గీతల్ని స్కానర్ చదివింది. మనం ఇప్పుడు చూసే బార్‌కోడ్‌తో బిల్లు పడ్డ మొదటి వస్తువు అదే. ఆ రోజు నుంచి ఏ వస్తువు, ఏ గంటలో, దేనితో కలిపి అమ్ముడైందో కంప్యూటర్‌కి తెలియడం మొదలైంది. ఎవరు కొన్నారన్నది మాత్రం అప్పటికీ తెలియదు. పోయినవారం వచ్చిన మనిషీ ఈవారం వచ్చిన మనిషీ ఒకరేనా అంటే బార్‌కోడ్ చెప్పలేదు.

ఆ ఖాళీని నింపడానికి వచ్చినవే పాయింట్ల కార్డులు. మీకు తగ్గింపు ఇస్తాం, మీరెవరో మాకు చెప్పండి. అదీ బేరం. బ్రిటన్‌లో టెస్కో అనే సూపర్ మార్కెట్ల కంపెనీ 1995లో దేశమంతటా అలాంటి కార్డు పెట్టింది. సరిగ్గా దానికి ముందు ఏడాది, 1994లో, నెట్‌స్కేప్‌లో లూ మోంతుల్లీ అనే ఇంజినీరు బ్రౌజర్‌లో 'కుకీ' అనే చిన్న గుర్తు పెట్టే పద్ధతి కనిపెట్టాడు. వచ్చినవాడు మళ్లీ వస్తే వెబ్‌సైటు గుర్తుపట్టడానికి.

ఇప్పుడు వరసగా చూడండి. బార్‌కోడ్ రోజుల్లో కస్టమర్ అంటే ఒక బిల్లు. కార్డు రోజుల్లో కస్టమర్ అంటే ఒక కార్డు నంబరు, ఇంట్లో నలుగురు ఆ కార్డు వాడినా సరే. కుకీ రోజుల్లో కస్టమర్ అంటే ఒక బ్రౌజర్. ఆఫీసు కంప్యూటర్లో ఒకసారి, ఫోన్లో ఒకసారి చూసిన మనిషి లెక్కలో ఇద్దరవుతాడు. కుకీలు తుడిచేస్తే మళ్లీ పుడతాడు. (నవ్వులు) మార్కెటింగ్ పుస్తకంలో కస్టమర్ అంటే ఇష్టాయిష్టాలూ భయాలూ ఉన్న మనిషి. టేబుల్లో మాత్రం ఒక వరస. ఆ మనిషిని వరసగా మార్చేచోట ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయం తీసుకుంటారు. చాలా కంపెనీల్లో ఆ నిర్ణయం తెలిసి తీసుకున్నది కాదు, ఫారం తయారుచేసినవాడికి ఆ పూట తోచింది. మీరు కూర్చోవాల్సిన కుర్చీ అది.

ఒక్క ఉదాహరణ దగ్గర్నుంచి చూద్దాం. బోర్డు మీద రాస్తాను, లెక్క మీరే చేయండి. ఆర్డర్ల టేబుల్లో మూడే ఆర్డర్లున్నాయి. 101 నంబరు ఆర్డరు మొత్తం 500. 102 మొత్తం 300. 103 మొత్తం 200. కలిపితే ఎంత? వెయ్యి. బాగుంది. పక్కనే ఇంకో టేబుల్ ఉంది, ఏ ఆర్డర్లో ఏ వస్తువులు అని. 101లో మూడు వస్తువులు కాబట్టి మూడు వరసలు. 102కి ఒకటి. 103కి రెండు. మార్కెటింగ్ మేనేజర్ "మన ప్రచారం చేసిన వస్తువుల అమ్మకం ఎంతో చూడు" అన్నాడు. మీరు రెండు టేబుళ్లనీ ఆర్డర్ నంబరు మీద జాయిన్ చేసి, అంటే నంబరు కలిసిన వరసల్ని పక్కపక్కన అతికించి, 'మొత్తం' కాలమ్‌ని కూడారు. ఇప్పుడెంత వస్తుంది?

(సభలోంచి: "రెండువేల రెండు వందలు.")

అదీ. 500 మూడుసార్లు, 300 ఒకసారి, 200 రెండుసార్లు. 2200. జాయిన్ చేసినప్పుడు ఆర్డరు మొత్తం ప్రతి వస్తువు పక్కనా మళ్లీ అచ్చయింది. ఇందులో భయపడాల్సిన సంగతేమిటంటే, కంప్యూటర్ ఎర్రర్ చూపించదు. క్వెరీ, అంటే మీరు డేటాబేస్‌ని అడిగిన ప్రశ్న, చక్కగా నడుస్తుంది. పైగా వచ్చిన అంకె అందరూ కోరుకున్నదే. ప్రచారం వల్ల అమ్మకాలు రెట్టింపయ్యాయంటే కాదనే మేనేజర్ ఉంటాడా? డేటాబేస్ మాత్రమే తెలిసినవాడికి 2200 ఒక అంకె. ప్రచారం మాత్రమే తెలిసినవాడికి అదొక శుభవార్త. నాలుగు ఈమెయిళ్లు పంపినంత మాత్రాన జనం ఇంతలా కొనరే అని ఒక్క క్షణం ఆగి, వరసలు లెక్కపెట్టి చూసే మనిషి ఒకడు కావాలి.

దీనికి ఉల్టా తప్పు ఇంకోటి. "మన దగ్గర పేరు నమోదు చేసుకుని ఒక్కసారీ కొననివాళ్లు ఎవరు?" అని అడిగారనుకోండి. మార్కెటింగ్‌లో ఇంతకంటే విలువైన ప్రశ్న తక్కువ. మామూలు జాయిన్ రాస్తే ఆర్డర్ల టేబుల్లో జోడీ దొరకని ప్రతి మనిషీ జవాబులోంచి రాలిపోతాడు. అంటే మీరు ఎవరికోసం వెతుకుతున్నారో వాళ్లే మాయం. దానికి లెఫ్ట్ జాయిన్ ఉంది, జోడీ దొరకనివాళ్లని కూడా జవాబులో ఉంచుతుంది, క్లాసులో చెబుతారు. చెప్పినప్పుడు పరీక్షలో ఒక మార్కు ప్రశ్నలా చదివి వదిలేయకండి.

నా సొంత తప్పు కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే ఎవరికో నీతులు చెబుతున్నట్టుంటుంది. ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఒక స్ప్రెడ్‌షీట్ ఇచ్చారు. పేరు ఒక కాలమ్, ఈమెయిల్ ఒక కాలమ్, ఊరు ఒక కాలమ్. "పేర్లని అక్షర క్రమంలో పెట్టి మెయిళ్లు పంపు" అన్నారు. నేను పేర్ల కాలమ్ ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టాను. ఎక్సెల్ మధ్యలో ఏదో అడిగింది. ఏమడిగిందో సరిగ్గా చదవకుండా 'ఎంచుకున్నంతవరకే' అన్నదాన్ని నొక్కేశాను. పేర్లు ముద్దుగా వరసలో నిలబడ్డాయి. ఈమెయిళ్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. సుమారు నాలుగువేల మందికి వేరేవాళ్ల పేరుతో "ప్రియమైన ఫలానా" అని ఉత్తరాలు వెళ్లాయి. ఒకాయన తిరిగి రాశాడు: "నా పేరు అది కాదు, కానీ ఆఫర్ బాగుంది." (నవ్వులు) మిగతావాళ్లు అంత మంచివాళ్లు కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక్కో వరసనీ విడిగా గుర్తుపట్టే ప్రైమరీ కీ అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది, దాని మీద పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న ఏడాదికి.

స్ప్రెడ్‌షీట్‌ని చిన్నచూపు చూడొద్దు, గుడ్డిగానూ నమ్మొద్దు. 2020లో కరోనా రోజుల్లో ఇంగ్లండ్‌లో ప్రజారోగ్య సంస్థ దగ్గర 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాకుండా పోయాయి. కారణం, పాత ఎక్సెల్ ఫైలు పద్ధతి. అందులో ఒక షీటుకి 65,536 వరసలే పడతాయి. అంతకు మించినవి పట్టలేదు. ఎవరికీ ఏ గంటా మోగలేదు.

ఇక సబ్జెక్టుల సంగతి. నెట్‌వర్కులు, హార్డ్‌వేర్, ఆఫీసు సాఫ్ట్‌వేర్, ఇవి వస్తాయి, చదివేస్తారు, పెద్దగా చెప్పను. స్టాటిస్టిక్స్‌ని మాత్రం గండం గడిస్తే చాలన్నట్టు చదవకండి. ఎందుకో ఒక్క ముక్కలో: పాత, నమ్మకమైన కస్టమర్లకే ఆఫర్ మెయిల్ పంపించి, మెయిల్ అందినవాళ్లు అందనివాళ్లకన్నా ఎక్కువ కొన్నారు చూడండి అని రిపోర్టు రాసేవాళ్లు ఎంతమందో. వాళ్లు మెయిల్ లేకపోయినా కొనేవాళ్లే కదా. పంపాల్సిన జాబితాలోంచి చీటీలు తీసినట్టు కొందరిని ఎంచి, కావాలని మెయిల్ పంపకుండా పక్కన పెట్టాలి. ఆ తర్వాత ఈ రెండు గుంపుల్నీ పోల్చాలి. ఈ సంగతి స్టాటిస్టిక్స్ మేష్టారు చెబుతారు. పక్కన పెట్టినవాళ్లకి పొరపాటున మెయిల్ వెళ్లకుండా సిస్టమ్‌లో ఎలా ఆపాలో మధ్యాహ్నం క్లాసు చెబుతుంది. పక్కన పెట్టడానికి మేనేజర్‌ని ఒప్పించడం ఎలాగో ఏ క్లాసూ చెప్పదు. అదే కష్టం.

నా మటుకు నాకు అన్నిటికన్నా పనికొచ్చిన జంట, మార్కెట్ రీసెర్చ్, సిస్టమ్స్ అనాలిసిస్. రెండు వేర్వేరు డిపార్టుమెంట్లు, వేర్వేరు పుస్తకాలు, లోపల ఉన్నది ఒకటే విద్య. ఎదుటి మనిషికి నిజంగా ఏం కావాలో తెలుసుకోవడం. "మీకు ఈ రిపోర్టు ఉంటే బాగుంటుందా?" అని అడిగి చూడండి, ప్రపంచంలో ఎవరూ వద్దనరు. ఆరు నెలలు కష్టపడి తయారు చేస్తారు. ఒక్కడూ తెరవడు. మార్కెట్ రీసెర్చ్‌లో ఇలాంటి ప్రశ్న వేస్తే మార్కులు కోస్తారు, జవాబు నోట్లో పెట్టి అడుగుతున్నావని.

నేను ఒక గోడౌన్ వాళ్లకి సిస్టమ్ మార్చేటప్పుడు అక్కడి ఉద్యోగిని ఇలా అడిగాను. "పోయిన సోమవారం ఒక వస్తువు వెనక్కి వచ్చింది కదా, అప్పుడు మీరేం చేశారో అలాగే చేసి చూపించండి." ఆమె కంప్యూటర్లో రెండు స్క్రీన్లు నింపింది. తర్వాత ఆగి, నా వైపు ఒకసారి చూసి, డ్రాయరు లాగి, అట్ట చిరిగిన ఒక నోటు పుస్తకం తీసింది. వస్తువు ఎందుకు వెనక్కి వచ్చిందో కస్టమర్ చెప్పిన మాటలు అందులో పెన్నుతో రాసి ఉన్నాయి. "కంప్యూటర్లో దీనికి చోటు లేదండీ" అంది. ఉన్నదల్లా 'పాడైంది', 'వద్దనుకున్నారు', 'ఇతరములు' అని మూడు ఆప్షన్లు. ఇతరములులోకి అంతా పోసేస్తున్నారు. అవతల మార్కెటింగ్ వాళ్లు, జనం మన వస్తువు ఎందుకు తిప్పి పంపుతున్నారో తెలుసుకోవడానికి సర్వే పెడదామని బడ్జెట్ అడుగుతున్నారు. జవాబేమో ఈమె డ్రాయర్లో ఉంది. ఆ పుస్తకం తెమ్మని అడగాలని నాకు ముందు తెలియదు. చేసి చూపించమన్నాను కాబట్టి బయటపడింది.

ఫారాల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. పుట్టిన తేదీ తప్పనిసరి అని ఫారంలో పెడతారు. చెప్పడం ఇష్టం లేనివాళ్లు ఏం చేస్తారు? ముందుగా ఏ తేదీ కనిపిస్తే దాన్నే వదిలేస్తారు. ఇక జనవరి 1న సగం ఊరికి పుట్టినరోజు శుభాకాంక్షలు వెళ్తాయి. 'తెలియదు' అనడానికి టేబుల్లో ఒక ఖాళీ గడి ఉండాలి. ఆ ఖాళీకి 'నల్' అని పేరుంది. నల్ అంటే సున్నా కాదు. వయసు తెలియనివాళ్లకి సున్నా వేసి సగటు తీస్తే మీ కస్టమర్లంతా బడి పిల్లలని తేలుతుంది.

టైమింగ్ కూడా ఈ చదువులో భాగమే. 1999లో అమెరికాలో హెర్షీ అనే చాక్లెట్ కంపెనీ తన ఆర్డర్ల వ్యవస్థ మొత్తాన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చింది. మార్చింది ఎప్పుడు? జులైలో. హాలోవీన్ పండక్కి దుకాణాలు ఆర్డర్లు పెట్టే వేళకి. సరుకుండి కూడా దాదాపు 100 మిలియన్ డాలర్ల ఆర్డర్లు సమయానికి పంపలేకపోయింది. కొత్త సిస్టమ్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది సాంకేతిక ప్రశ్నలాగే కనపడుతుంది. సీజన్ ఎప్పుడో తెలిసినవాళ్లు ఆ గదిలో గట్టిగా మాట్లాడాలి.

ఇంకో విషయం కొంచెం బరువైంది. యూరప్‌లో 2018 మే 25 నుంచి మనుషుల సొంత వివరాల్ని కాపాడే జీడీపీఆర్ అనే చట్టం అమల్లో ఉంది. కొన్ని పరిస్థితుల్లో, నా వివరాలు చెరిపేయండి అని అడిగే హక్కు అది మనిషికిస్తుంది. వినడానికి డిలీట్ కొడితే సరిపోయే పనే. కానీ ఆ మనిషి వివరాలు డేటాబేస్‌లో ఒకచోటే ఉన్నాయా? మార్కెటింగ్ వాళ్లు పోయిన పండక్కి దింపుకున్న స్ప్రెడ్‌షీట్‌లో ఉన్నాయి. దాని కాపీ ఇంకొకరి ల్యాప్‌టాప్‌లో ఉంది. ప్రకటనలు చేసే ఏజెన్సీకి పంపిన ఫైల్లో ఉన్నాయి. "ఊరికే ఉంటే పోయేదేముంది, ఎప్పుడో పనికొస్తుంది" అని అడిగి పెట్టుకున్న ప్రతి కాలమూ ఆ రోజు మెడకి చుట్టుకుంటుంది. నేనైతే కొత్త ఫారం వచ్చినప్పుడల్లా ఒక్కో గడి మీదా వేలు పెట్టి, ఇది ఎవరికి, ఏ పనికి అని అడుగుతాను. దీనివల్ల మార్కెటింగ్ వాళ్లలో నాకు మంచి పేరేమీ రాలేదు.

మీలో కొందరి మొహాల్లో ఒక ప్రశ్న కనపడుతోంది. క్వెరీలు ఏఐ రాసేస్తుంటే మేమెందుకు నేర్చుకోవాలి? రాయనివ్వండి, నేనూ రాయిస్తాను. ఇందాక బోర్డు మీది 2200 తప్పని మీకు తెలిసింది కదా. అంతవరకు నేర్చుకుంటే చాలు. అది కూడా తెలియకపోతే తప్పు క్వెరీ నిమిషాల మీద తయారై, రంగురంగుల గ్రాఫుతో సహా మీ పేరు మీద మీటింగుకి వెళ్తుంది.

సరే, మొదటి మీటింగు దగ్గరికొద్దాం. 84, 31, 22 వేలు. "నువ్వే తేల్చు" అన్నారు కదా. నేను పదకొండు రోజులు తిరిగాను. ముందుగా ఈమెయిళ్లలో ఒకే మనిషి రెండు మూడు చిరునామాలతో ఉన్నవి పట్టుకున్నాను. సేల్స్ జాబితాలో ఒకే ఇంటివాళ్లు వేర్వేరు స్పెల్లింగులతో ఉన్నారు. అకౌంట్స్ జాబితాలో కొన్ని కంపెనీలు మనుషుల్లా, కొందరు మనుషులు కంపెనీల్లా పడ్డారు. మా టీమ్ టెస్టింగ్ కోసం పెట్టుకున్న దొంగ పేర్లు కూడా తొమ్మిది దొరికాయి, అందులో ఒకటి మా పెద్దాయనదే.

చివరికి అరపేజీ కాగితం తెచ్చాను. అందులో కస్టమర్ అనే మాట ఒంటరిగా ఎక్కడా లేదు. పరిచయస్తులు, ఒకసారైనా కొన్నవారు, ప్రస్తుతం కొంటున్నవారు అని మూడు పేర్లు. ఒక్కోదాని కింద ఏ టేబుల్, ఏ షరతు, ఏ తేదీ నాటి లెక్క అని రెండు లైన్లు. మార్కెటింగ్ హెడ్ కాగితం చూసి, తన 84 వేలు కాస్తా 61 వేల పరిచయస్తులయ్యారని తెలిసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, "మిగతా 23 వేలూ ఎటు పోయారు?" అని. ఆ కూర్చోవడంలో ఇద్దరం రాత్రి ఎనిమిదింటి దాకా ఒక్కో వరసా చూసుకుంటూ ఉండిపోయాం.

నా టైము అయిపోయినట్టుంది. మైకు అటు పంపండి, ఆ మూడో బెంచీలో చెయ్యెత్తిన అమ్మాయికి.